మందు కొట్టని ఆకు

ఆడపిల్లల హాస్టలు, మేడమీది గది

చెల్లాయికి,

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు. నాన్నకి వినిపించేటప్పుడు ఏది వదిలెయ్యాలో నీకే తెలుస్తుంది.

ఉద్యోగంలో చేరాను. మా కంపెనీ కలుపుమందు తయారుచేస్తుందని నీకు తెలుసుగా. వృక్షశాస్త్రం చదివిన పిల్లని కదా, కలుపు మొక్కల మీద పరిశోధన చేయిస్తారనుకుని తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాను. ఆఫీసు మేనేజరు నన్ను పై అంతస్తుకి తీసుకెళ్ళి, కంపెనీ యజమాని పెద్దసారు గది పక్కనున్న ఇంకో గది తలుపు తీశాడు. లోపల మన మంచం కన్నా పెద్ద గాజుపెట్టె. అందులో ఎండు కొమ్మ, పైన వెచ్చదనానికి దీపం, కొమ్మ మీద ఒక బల్లి.

మన గోడ మీద పాకే బల్లిలాంటిది అనుకోకు. బారెడు పొడుగు, పచ్చటి ఒళ్ళు, గొంతు కింద వేలాడే తోలు, వీపు మీద దువ్వెన పళ్ళలాంటి ముళ్ళు. మన బల్లులకి ముత్తాత వరస అవుతుంది. ఇగువానా అంటారు. పురుగుల్ని ముట్టదు, ఆకులూ పువ్వులే తింటుంది. పెద్దసారు దాన్ని ‘చిట్టితండ్రీ’ అని పిలుస్తారు. మా అందర్నీ ‘ఎవరక్కడ’ అని పిలుస్తారు.

దానికి హాని చెయ్యని పిచ్చిమొక్కల ఆకులు వెతికి తెచ్చి, కడిగి, తరిగి పెట్టడం నా పని. కొట్లో కొన్న కూరలు పెడితే మొహం తిప్పుకుంటుంది. అందుకే డిగ్రీ ఉన్న మనిషి కావలసి వచ్చింది. అమ్మ పార్కులో గొంతుక్కూర్చుని కలుపు పీకి మనల్ని పెంచింది. ఆ పని మీకొద్దే అని నన్ను చదివించింది. ఇప్పుడు నేను డిగ్రీ పుచ్చుకుని కలుపు పీకుతున్నాను. తేడా అల్లా చేతికి తొడుగులు ఇచ్చారు.

నవ్వకు. ఇది తాత్కాలిక ఉద్యోగం. పనితీరు చూసి ఖాయం చేస్తారట. నా ఉద్యోగం ఖాయమైతేనే నిన్ను కాలేజీలో చేర్పిస్తానని నాన్న అన్న మాట నాకు గుర్తుంది. అంటే నీ చదువు ఇప్పుడు ఒక బల్లి ఆకలి మీద ఆధారపడి ఉంది. అది బాగా తినాలని దండం పెట్టుకో.

నీ అక్క


వంటింటి గుమ్మం, నాన్న కుట్టుమిషను చప్పుడు మధ్య

అక్కా,

నీ ఉత్తరం నాన్నకి వినిపించాను. వినిపించడమంటే, నువ్వు రాసింది చూస్తూ నేను వేరేది చదివాను. బల్లి అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పదేళ్ళుగా రాత్రీ పగలూ లేకుండా స్కూలు యూనిఫాములు కుట్టి చదివించిన మనిషికి ఆ మాట ఎలా చెప్పను? నువ్వే ముత్తాత అని రాశావుగా. దాన్నే పట్టుకున్నాను. పెద్దసారు వాళ్ళ తాతగారు ఒకాయన ఉన్నారు, బాగా పెద్దవయసు, కఠిన పథ్యం, ఆకులు తప్ప ఏమీ ముట్టరు, ఆయన ఆహారం చూసే అధికారివి నువ్వు అని గుక్క తిప్పుకోకుండా చదివేశాను.

నాన్న మిషను ఆపేశాడు. అక్కడితో ఊరుకుంటాడా? పళ్ళున్నాయా ఆయనకి అని అడిగాడు. చిన్నవి ఉన్నాయన్నాను. లేచి తిరుగుతాడా అంటే, పాకుతా... నెమ్మదిగా కదులుతారన్నాను. మాట్లాడతాడా అని అడిగితే, నువ్వు సెలవుల్లో చూపించిన బల్లుల పుస్తకం గుర్తొచ్చి, తలూపుతారు అన్నాను. నాన్న కళ్ళు చెమర్చాయి. పాపం, అంత ఆస్తి ఉండి ఆకులు తిని బతకాల్సి వచ్చిందే అన్నాడు.

ఇప్పుడు వీధంతా తెలిసిపోయింది. బట్టలు ఇచ్చిపోయే ప్రతివాళ్ళకీ నాన్న చెబుతున్నాడు. ఇస్త్రీ బండాయన నిన్న వచ్చి, మీ అక్కని అడిగి నా కడుపుబ్బరానికి ఒక ఆకు చెప్పించమ్మా అన్నాడు. ఏదో ఒకటి రాసి పంపు, లేకపోతే రోజూ వచ్చేట్టున్నాడు. ఆయన మనిషేనని గుర్తుపెట్టుకుని రాయి.

అమ్మ బాగానే ఉంది. పనికి వెళ్ళి వస్తోంది. నీకు వేరేగా చెప్పేదేమీ లేదు.

నీ చెల్లి


కంపెనీ పై అంతస్తు, గాజుపెట్టె పక్కన

చెల్లీ,

నాన్నని ఎంత మోసం చేశావే. కోపగించుకుందామనుకున్నాను, కానీ ఆ తాతగారి వర్ణనలో ఒక్క అబద్ధమూ దొరకలేదు. ఇస్త్రీ ఆయన్ని డాక్టరు దగ్గరికి వెళ్ళమను.

ఇక్కడ నాకు వచ్చిన చిక్కు విను. మా కంపెనీ ఆవరణలో ఒక్క పిచ్చిమొక్క ఉండదు. గేటు దగ్గర పెద్ద బోర్డు కూడా ఉంది, ‘మా నేల మీద కలుపు మొలవదు’ అని. నిజంగానే మొలవదు. అద్దం తుడిచినట్టుంటుంది. మందు తగిలిన ఆకు పెట్టకూడదు, బండ్ల పొగ తగిలే రోడ్డు పక్క ఆకు పెట్టకూడదు, పేరు తెలియని ఆకు అసలే పెట్టకూడదు. కాబట్టి కలుపుమందు కంపెనీ జీతగత్తెనైన నేను పొద్దున్నే సంచీ తగిలించుకుని మందు కొట్టని కలుపు కోసం ఊరి చివరికి పోతాను. బట్టలుతికే రేవు వెనకాల ఒక నేల ముక్క మిగిలింది. అక్కడ తుత్తురుబెండ, కాకిదొండ తీగ, ఒక మల్బరీ పొద ఉన్నాయి. ఆ చోటు ఎవరికీ చెప్పలేదు.

చెప్పనందుకు కారణం ఉంది. బల్లి ఎవరి చేతి ఆకు తింటే వాళ్ళ మీద పెద్దసారుకి గురి కుదురుతుందని ఆఫీసంతా నమ్ముతోంది. లెక్కల విభాగం సారు ఆరు నెలలుగా ఆకుల కట్టతో గుమ్మంలో నిలబడుతున్నాడు. మొన్న తెచ్చిందంతా పులిచింత. ఎప్పుడైనా నాలుగు ఆకులైతే ఫరవాలేదు సార్, రోజూ పెడితే దాని ఎముకలు గుల్లబారతాయి అన్నాను. నువ్వు నా ఎదుగుదలకి అడ్డుపడుతున్నావు అన్నాడు. గోదాము సారు ఏకంగా గన్నేరు పువ్వుల గుత్తి తెచ్చాడు. అది విషం సార్ అంటే, ఎర్రగా బాగుందని తెచ్చానన్నాడు. దాన్ని ఆయన గాజుపెట్టెలో పడెయ్యకుండా ఆపడానికి నా తలప్రాణం తోకకి వచ్చింది.

వీళ్ళందరూ ఒక ఎత్తు, అమ్మకాల సారు ఒక ఎత్తు. ముదిరిన తొండ ఊసరవెల్లి అవుతుందంటారే, ఆ బాపతు. వచ్చే నెలలో ఊరూరి డీలర్లతో పెద్ద సభ ఉంది. వేదిక మీద ఒక కుండీ మొక్కకి అందరి ఎదుటా మన మందు కొట్టి, ఆ ఆకునే బల్లి చేత తినిపించాలట. యజమాని ప్రాణంలా చూసుకునే జంతువే తింటోందంటే ఇక మన మందుకి అనుమానం ఏముంటుంది అని ఆయన ఊహ. పెద్దసారుకి ‘చిట్టితండ్రి సభలో అల్పాహారం చేస్తాడు’ అని మాత్రమే చెప్పాడు. ఆకు మీద ఏముంటుందో చెప్పలేదు. నేను పళ్ళెం పట్టుకుని, సారు అడిగినప్పుడు ‘హాయిగా తినొచ్చు సార్’ అనాలి.

డబ్బా మీద పెంపుడు జంతువుల్ని దూరంగా ఉంచమని మనమే రాశాం కదా సార్ అన్నాను. ఆ అక్షరాలు చదవడానికి భూతద్దం కావాలి, డీలర్ల దగ్గర భూతద్దాలు ఉండవు అన్నాడు. తర్వాత మెత్తగా, సభ అయిన మర్నాడే నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం నీ చేతిలో ఉంటుంది అన్నాడు.

మందులో నీళ్ళు బాగా కలుపుతారట. ఒక్క ఆకే కదా. ఒక్క పూటే కదా. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. నీ కాలేజీ తెరిచేలోపు కాగితం వచ్చేస్తుంది. నువ్వేమంటావు?

అక్క


పెరటి మెట్టు మీద

అక్కా,

నన్ను ఎందుకు అడిగావు? అడక్కుండా ఏదో ఒకటి చేసేస్తే నాకు పాపం అంటేది కాదు.

నిజం రాస్తున్నాను. నా కాలేజీ ఒకవైపు, నీ బల్లి ఒకవైపు పెడితే, నేనైతే ఆ ఆకు బల్లికి పెట్టేస్తాను. బల్లే కదా అక్కా. ఇలా రాసి సిగ్గుపడ్డాను, అయినా కొట్టెయ్యలేదు.

ఇంకో నిజం కూడా దాచాను. అమ్మకి పని లేదు. పార్కులో మనుషులతో కలుపు తీయించడం మానేసి మందు కొట్టిస్తున్నారు. అమ్మనీ తక్కిన ఆడవాళ్ళనీ ఇక రావద్దన్నారు. నువ్వు ఉద్యోగంలో చేరిన వారంలోనే జరిగింది. నీకు రాయొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఎందుకో తెలుసా? పార్కు గేటు దగ్గర పేర్చిన డబ్బాల మీద మీ కంపెనీ బొమ్మే ఉంది, పచ్చటి ఆకు పక్కన నవ్వుతున్న పాపాయి. మందు కొట్టిన రోజు గేటుకి తాళం వేసి, రెండు రోజులు పిల్లలూ కుక్కలూ రాకూడదని అట్ట కడతారు. పిల్లలు గోడ దూకి వెళ్ళి ఆ గడ్డి మీదే దొర్లుతారు. అమ్మ ఇంట్లో కూర్చోలేక మన గుమ్మం ముందున్న గడ్డి పీకుతోంది. గడ్డి అయిపోయింది. ఇప్పుడు పక్కింటివాళ్ళది పీకుతోంది.

అసలు సంగతి ఇక రాయాలి. నీ ఉత్తరం నాన్నకి చదువుతూ, సభలో తాతగారికి మందు కలిసిన ఆకు పెట్టమంటున్నారు అన్న చోటికి వచ్చి ఆపేశాను. ఏమైందే అన్నాడు. అబద్ధం దొరకలేదు, ఉన్నదున్నట్టు చెప్పేశాను, తాతగారు బల్లి అన్నది తప్ప. పెడితే ఉద్యోగం ఖాయం అన్నది కూడా చెప్పాను.

నాన్న చాలాసేపు సూదిలో దారం ఎక్కించడానికి చూశాడు. ఎక్కలేదు. అప్పుడన్నాడు, “మన ఇంట్లో తలెత్తి మాట్లాడాలని ఒక్కదాన్ని చదివించాం. అదీ అడిగినవాడికల్లా తలూపితే, ఆ ఊపడానికి మనం చాలమా?”

ఇది నీకు రాయమని నాన్న చెప్పలేదు. నేనే రాస్తున్నాను. నీకేది తోస్తే అది చెయ్యి.

చెల్లి


హాస్టలు వరండా, సర్దిన పెట్టె మళ్ళీ విప్పుతూ

చెల్లీ,

సభ అయిపోయింది. నా ఉద్యోగమూ అయిపోయింది. వరసగా చెబుతాను.

హాలు నిండా డీలర్లు. వేదిక మీద గాజుపెట్టె, దానికి పట్టుగుడ్డ ముసుగు. బాగా తినాలని అమ్మకాల సారు దానికి ముందురోజు నుంచీ ఏమీ పెట్టనివ్వలేదు. తుత్తురుబెండ కుండీకి అందరి ఎదుటా మందు కొట్టారు, చప్పట్లు కొట్టారు. పెద్దసారు అప్పుడే ఫోను మాట్లాడి లోపలికి వచ్చారు కాబట్టి అది చూడలేదు. ఆరిన ఆకులు తుంచి నా పళ్ళెంలో వేశారు. ముసుగు తీయగానే బల్లి కొమ్మ దిగి నా వైపే వచ్చేసింది. రోజూ తిండి పెట్టే చెయ్యి కదా, దానికి అనుమానమెందుకు? ముందు నాలుక చాపి చూసింది, తర్వాత నోరు తెరిచింది.

పెద్దసారు మురిసిపోతూ, “తినొచ్చుగా అమ్మాయ్?” అని అడిగారు.

నేను పళ్ళెం వెనక్కి లాగేశాను. “తినకూడదు సార్. దీనికి ఇప్పుడే మన మందు కొట్టారు” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మకాల సారు నవ్వుతూ, అమ్మాయికి వేదిక కొత్త అన్నాడు. ఈలోపు పెద్దసారు బల్లిని ఎత్తి గుండెకి హత్తుకున్నారు. గుండె దగ్గరే మైకు ఉంది. “నా చిట్టితండ్రికి విషం పెడతారా?” అన్న మాట హాలు చివరి వరస దాకా వినిపించింది.

డీలర్లలో ఒక పెద్దాయన లేచి, అయ్యా, మా ఊరి పార్కులో ఈ మందు కొట్టిన గడ్డి మీదే పిల్లలు ఆడుకుంటున్నారండీ, మరి వాళ్ళ సంగతేమిటి అని అడిగాడు. పెద్దసారు ఏమాత్రం తడుముకోకుండా, వాళ్ళ సంగతి వేరు, వీడి పొట్ట చాలా సున్నితం అన్నారు.

మర్నాడు ముగ్గురు సార్లు కూర్చుని నా మీద విచారణ చేశారు. నేను అబద్ధమాడానని రాస్తే కంపెనీ డబ్బా మీది అక్షరాలు అబద్ధమవుతాయి. నిజం చెప్పానని రాస్తే అమ్మకాల సారు ఇరుక్కుంటాడు. చాలాసేపు టీలు తాగి, ‘సభామర్యాద తెలియదు’ అని రాసి నన్ను తీసేశారు. అమ్మకాల సారుకి మాత్రం ప్రమోషను వచ్చింది. ఆ గొడవలో మందు పేరు అందరి నోళ్ళలో పడిందట.

ఇక్కడితో అయిపోలేదు. సాయంత్రం హాస్టలు గేటు ముందు పెద్దసారు కారు ఆగింది. వార్డెనమ్మ బెదిరిపోయింది. వెనక సీట్లో ఆయన, ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లోంచి పచ్చటి తల. కంపెనీ నిన్ను తీసేసిందట కదా అన్నారు, కంపెనీ ఎవరిదో అయినట్టు. వీడికి రేపు పొద్దున ఏం పెట్టాలి అని అడిగారు.

రేవు వెనక నాకున్న ఆ ఒక్క ముక్కా పోయింది సార్, పోయిన వారం ఎవరో ఉచితంగా మందు కొట్టించారు అన్నాను.

“ఎవడు వాడు?” అని మండిపడ్డారు.

“మీరే సార్. ఊరికి కానుకగా ఇచ్చారు.”

ఆయన బల్లి మొహంలోకి చూశారు. అది తలూపింది. శుభ్రమైన ఆకు ఇంకెక్కడ దొరుకుతుంది అన్నారు. మా ఊరి పార్కులో మందు ఆపించండి, అక్కడి పనిలోకి మా అమ్మని తిరిగి తీసుకోమనండి, ఏది పీకాలో ఏది ఉంచాలో నేను నేర్పుతాను, ఆకులు తడిగుడ్డలో చుట్టి పొద్దుటి బస్సులో వేస్తుంది అన్నాను. అక్కడే ఫోను చేశారు. పార్కులో ఇంకా మందు పడని ఒక మూల, మన గది అంత చోటు, మందు ఆపించారు. మొత్తం పార్కంతా ఆపించండి సార్ అని బతిమాలాను. మొత్తం వీడు తినలేడు కదమ్మా అన్నారు. నిజంగా అర్థం కాకే అన్నారు, వెటకారం కాదు.

కంపెనీ నన్ను తీసేసింది కానీ బల్లి తీసెయ్యలేదు. బల్లి ఇప్పుడు పెద్దసారు ఇంట్లోనే ఉంటోంది, వేరే పని దొరికేదాకా పొద్దున పూట వాళ్ళింటికి వెళ్ళి తిండి పెట్టి వస్తాను. దీన్ని ఉద్యోగం అనలేను. ఖాయమని అసలే అనలేను.

ఇంక నాన్నకి దాచొద్దు. ఈ ఉత్తరం ఒక్క అక్షరం మార్చకుండా చదువు, తోకతో సహా. నీ కాలేజీని నేనే చెడగొట్టాను. తిట్టాలనుకుంటే తిట్టు.

అక్క


కాలేజీ గేటు ఎదుట, టీకొట్టు బల్ల మీద

అక్కా,

అమ్మ పనిలో చేరింది. మూలకి తీగ కట్టి, ‘ఇక్కడ మందు కొట్టరాదు’ అని మీ కంపెనీ బొమ్మతోనే బోర్డు పెట్టారు. పిల్లల తల్లులు ఆ బోర్డు చదివి, పిల్లల్ని ఎత్తి తీగ అవతలికి దింపుతున్నారు. ఊరి పిల్లలంతా ఇప్పుడు మీ బల్లి మూలలోనే ఆడుతున్నారు. వాళ్ళని తోలెయ్యడం కూడా అమ్మ పనేనట. అమ్మకి ఆ సమయానికి కళ్ళు సరిగా కనపడవట.

జంకుతూ వాయిదా వేసి వేసి, ఈ పొద్దున నాన్నకి నీ ఉత్తరం ఉన్నదున్నట్టు చదివాను. ముందు తాతగారి సంగతి ఒప్పుకున్నాను. తోక దగ్గర గొంతు తగ్గించాను. నాన్న మిషను ఆపలేదు, తొక్కుతూనే విన్నాడు. పాత ఉత్తరాలన్నీ మళ్ళీ తెప్పించుకుని, మార్చకుండా మళ్ళీ చదివించుకున్నాడు. గన్నేరు పువ్వుల సారు దగ్గర ఒకసారి నవ్వినట్టనిపించింది, దగ్గేమో. అంతా అయ్యాక మిషను ఆగింది.

“అయితే ఆ రోజు మన పెద్దది పళ్ళెం లాక్కున్నది ముసలాయన కోసం కాదన్నమాట” అన్నాడు.

కాదు నాన్నా, బల్లి కోసం అన్నాను. నన్ను కూడా యూనిఫాములకి బొత్తాలు కుట్టడానికి కూర్చోబెట్టేస్తాడనే అనుకున్నాను.

“ముసలాయనకైతే ఎవరైనా ఆగుతారు. జైలుకి భయపడైనా ఆగుతారు. బల్లి కోసం, అంతమంది సార్ల ముందు ఆగిందంటే, చదువు దానికి వంటబట్టిందే” అన్నాడు. తర్వాత లేచి, కుట్టి పెట్టిన వేరేవాళ్ళ చొక్కా ఒకటి తొడుక్కున్నాడు, తనకి మంచిది లేదు కదా. పద అన్నాడు.

ఇస్త్రీ బండాయన దారిలో ఆపి, తాతగారు కులాసానా అని అడిగాడు. బాగా తింటున్నాడు అన్నాడు నాన్న.

ఇప్పుడే చేరి బయటికి వచ్చాం. నాన్న టీ తాగుతున్నాడు, నేను రాస్తున్నాను. లోపల గుమాస్తా పిల్లకి ఏ కోర్సు కావాలని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న చెప్పాడు, “పెద్దదాని ఉద్యోగం పోగొట్టిన చదువుందే, అదే రాయండి.”

నీ చెల్లి